బేస్‌బాల్ క్యాంపుకు పంపే ముందు ఒక క్యాచర్ తల్లి మాట

పదో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి ఇక్కడ అమెరికాలోని నాలుగు కాలేజీల నుంచి, కోచ్‌లు పిల్లల ఆట చూసే బేస్‌బాల్ క్యాంపుకు రమ్మని ఈమెయిళ్ళు వచ్చాయని, ఒక్కోదానికి మూడు వందల డాలర్ల దాకా అవుతుందని రాశారు. వెళ్ళకపోతే కోచ్‌ల కంట్లో పడే అవకాశం పోతుందా అని అడిగారు.

పోదు. నాలుగేళ్ళ క్రితం ఈ ఒక్క మాట నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నేను గుంటూరులో పుట్టి పెరిగిన మనిషిని. మా వాడు ఎనిమిదో ఏట బ్యాటు పట్టేదాకా ఈ ఆటలో ఎవరు ఎటు పరిగెత్తాలో కూడా తెలియదు. అర్థం చేసుకోవాలని ఒక స్కోరు పుస్తకం కొనుక్కుని, బంతికో గీత పెట్టడం మొదలుపెట్టాను. అదే అలవాటైంది. వాడు క్యాచర్. పిచర్ విసిరే ప్రతి బంతినీ మోకాళ్ళు మడిచి కూర్చుని పట్టే పని వాడిది.

వాడు పదో తరగతిలో ఉండగా జనవరిలో ఒక డివిజన్ 1 కాలేజీ నుంచి, అంటే కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై మెట్టు నుంచి, ఈమెయిలు వచ్చింది. వాడి పేరు, బడి పేరు, నీ ఆట మాకు నచ్చిందన్న మాట, కింద హెడ్ కోచ్ సంతకం. మావారు దాన్ని అచ్చు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఆ రాత్రే గుంటూరుకు ఫోను చేసి మా నాన్నగారికి చెప్పాం. వారం తిరగకుండా డబ్బు కట్టి, ఆరు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాం.

పొద్దున ఎనిమిదింటికి బల్ల దగ్గర పేరు రాసుకుని వీపుకి ఒక అంకె అంటించారు. మా వాడిది 87. మొత్తం నూట పది మందికి పైగా పిల్లలు. ముందు అరవై గజాల పరుగు. తర్వాత క్యాచర్లకు రెండో బేస్‌కు విసిరే పరీక్ష. బంతి క్యాచర్ చేతిలో పడిన క్షణం నుంచి రెండో బేస్ దగ్గర ఉన్నవాడి గ్లవ్ చేరేదాకా ఎంతసేపు పట్టిందో గడియారంతో చూస్తారు. కాలేజీ స్థాయిలో రెండు సెకన్లు, ఇంకా తక్కువైతే మంచిది. మా వాడికి రెండే అవకాశాలు ఇచ్చారు. మంచిదాంట్లో 2.14 వచ్చింది. అక్కడితో వాడి పరీక్ష అయిపోయిందని అప్పుడు నాకు తెలియలేదు.

ఎందుకంటే ఆ తర్వాత పిచర్ల వంతు. నలభై మంది పిచర్లు, తొమ్మిది మంది క్యాచర్లు. పిచర్ విసరాలంటే అవతల పట్టేవాడు ఉండాలి కదా. పదకొండు నుంచి మూడు గంటల దాకా, మధ్యలో ఒక అరటిపండు తినేంత విరామం తప్ప, మా వాడు కూర్చునే ఉన్నాడు. బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకున్న కోచ్ చూపంతా పిచర్ మీదే. అది ఆయన పని, నేను తప్పు పట్టను. కంచె వెనక మడత కుర్చీలో కూర్చుని నేను గీతలు పెడుతూ పోయాను. చివర్లో లెక్క చూస్తే వాడు పట్టినవి 163 బంతులు. బ్యాటుతో కొట్టనిచ్చినవి పది. సాయంత్రం ఒక కోచ్ పక్కనుంచి పోతూ, “బాగా పట్టావు, ఎనభై ఏడూ” అన్నాడు. రోజంతటిలో వాడితో అక్కడి వాళ్ళు మాట్లాడింది అదొక్కటే. మూడు వందల డాలర్లు మేము కట్టింది వాళ్ళ పిచర్లకు ఒక క్యాచర్‌ను సమకూర్చడానికా అని నాకు కడుపు రగిలిపోయింది.

అదే మైదానంలో ఇంకొకటి చూశాను. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక సహాయ కోచ్ నేరుగా వచ్చి ఒక పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచి, “మీ అమ్మ మోకాలి ఆపరేషన్ అయిందా, ఎలా ఉంది?” అని అడిగాడు. వాడి వీపు మీద కూడా అంకె ఉంది, కానీ ఎవరూ ఆ అంకెతో పిలవలేదు. అలాంటివాళ్ళు ముగ్గురు నలుగురు కనిపించారు. అందరూ పదకొండో తరగతి వాళ్ళే, అందరితోనూ కోచ్‌లు నెలల తరబడి మాట్లాడుతున్నారు. ఆ క్యాంపు నిజంగా నడిచింది వాళ్ళ కోసం.

తిరుగు దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి పెద్ద గ్లాసు నిండా ఐసు తీసుకున్నాం. వాడి ఎడమ అరచేయి, చూపుడు వేలు మొదట్లో, ఉబ్బి నీలం తిరిగింది. గ్లాసులో చెయ్యి పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అమ్మా, వాళ్ళకి నా పేరు తెలుసా?” అని అడిగాడు. ఇంటికి రాగానే ఫ్రిజ్ మీది కాగితం వాడే పీకేశాడు.

ఆ తర్వాత నేను కూర్చుని తెలుసుకున్న సంగతులు చెబుతాను. కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం కాలేజీ జట్టు నడిపే క్యాంపు ఎవరు వచ్చినా చేర్చుకునేదిగా ఉండాలి. వయసు, తరగతి, మొత్తం సంఖ్య మీద పరిమితి పెట్టుకోవచ్చు తప్ప, నచ్చినవాళ్ళనే రానిస్తామంటే కుదరదు. కాబట్టి ఈమెయిళ్ళు వందల మందికి వెళ్తాయి. మీ అబ్బాయి పేరు అందులో పెట్టింది కంప్యూటరు. పైగా ఆ డబ్బు వాళ్ళకు కావాలి. 2023 జూలై దాకా డివిజన్ 1 బేస్‌బాల్ జట్టులో ఒక సహాయ కోచ్‌కు కాలేజీ జీతమే ఇవ్వకూడదని నియమం ఉండేది. క్యాంపులు, విడిగా చెప్పే పాఠాలే ఆ మనిషికి బతుకుతెరువు. ఆ నియమం పోయినా అలవాటు పోలేదు. కోచ్‌లను మోసగాళ్ళనడం లేదు. ఈమెయిలును ఉత్తరంలా చదవడం మన పొరపాటు.

ఇంకో సంగతి. డివిజన్ 1 కోచ్ మీ అబ్బాయితో రిక్రూటింగ్ గురించి, అంటే జట్టులోకి తీసుకోవడం గురించి, మాట్లాడాలంటే వాడు పదకొండో తరగతిలో చేరబోయే ఏడాది ఆగస్టు 1 రావాలి. అంటే ఇప్పుడు మీరు క్యాంపుకు వెళ్ళినా, నీ సంగతి ఏమిటని ఆయన అడగకూడదు, మీరు అడిగినా జవాబు చెప్పకూడదు. చోట్లూ తగ్గాయి. మొన్నటిదాకా జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే 27 మంది దాకా ముక్కలు చేసి పంచేవారు. 2025–26 నుంచి కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ లెక్క పోయి, స్కాలర్‌షిప్ లేనివాళ్ళతో కలిపి జట్టులో 34 మందే ఉండాలన్న హద్దు వచ్చింది. దానికితోడు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడం సులువైంది. ఇరవై రెండేళ్ళ, గడ్డాలొచ్చిన క్యాచర్ దొరుకుతుంటే పదిహేనేళ్ళ పిల్లవాడి కోసం కోచ్ ఎందుకు ఎదురుచూస్తాడు? వృత్తి జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్ట్ కూడా 40 రౌండ్ల నుంచి 20కి తగ్గింది. అక్కడ చోటు దొరకనివాళ్ళంతా కాలేజీల్లోనే ఉంటున్నారు.

ఈ మాట చెబితే మనవాళ్ళలో ఎవరో ఒకరు పిచర్ కుమార్ రాకర్ పేరు ఎత్తుతారు. తల్లి లలిత మన దేశపు మూలాలున్న ఇంటి ఆడపిల్ల, 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే డ్యూక్ యూనివర్సిటీ జట్టు మీద 19 మందిని స్ట్రైకౌట్ చేసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, 2024లో మా ఊరి పక్కనే ఉన్న మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్‌లో అడుగుపెట్టాడు, అన్నీ నిజమే. నాకూ అతనంటే ప్రాణం. కానీ అతని తండ్రి ట్రేసీ రాకర్ ఫుట్‌బాల్ ఆడి, కాలేజీల్లో కోచ్‌గా పనిచేసిన మనిషి. ఆ ఇంట్లో ఈ వ్యవహారం ఎవరూ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మన ఇళ్ళలో తెలియదు, అందుకే అడగాలి.

అడగాల్సింది మీ అబ్బాయి. దయచేసి వాడి పేరుతో మీరు ఈమెయిళ్ళు రాయకండి. క్యాంపుల్లో మన తండ్రులు పిల్లల సంచి మోసుకుంటూ, కోచ్ అడిగిన ప్రశ్నకు తామే జవాబు చెబుతూ ఉంటే నాకు బాధేస్తుంది. ఆ పిల్లవాడు నోరు తెరిచే లోపు అవకాశం దాటిపోతుంది. నా ఆట ఎక్కడ చూశారు, నా ఏడాదిలో క్యాచర్‌ను తీసుకుంటారా అని వాడే రెండు వాక్యాలు రాయాలి. కింది మెట్టయిన డివిజన్ 3 కోచ్ అయితే ఇప్పుడే జవాబివ్వగలడు. డివిజన్ 1 వాళ్ళ సంగతి ఆగస్టు వచ్చాక. జవాబులో వాడి ఆట గురించి ఒక్క ముక్కయినా లేకపోతే ఆ మూడు వందలు మీ దగ్గరే ఉంచుకోండి. ఊళ్ళోనే, గంట దూరంలో ఉన్న క్యాంపయితే వేరే మాట. తన సమయం ఎంతో తెలుసుకోవడానికి, పెద్ద మైదానం భయం పోవడానికి ఒకసారి వెళ్ళి రావచ్చు.

మాకు అలాంటి జవాబు ఆ వేసవిలో వచ్చింది. జార్జియాలో ఒక టోర్నమెంటులో మా వాడు ఆడుతుంటే ఒక చిన్న డివిజన్ 3 కాలేజీ కోచ్ చూశాడట. “మూడో ఇన్నింగ్స్‌లో నేల మీద పడ్డ బంతిని ఛాతీతో ఆపావు. వెంటనే పిచర్ దగ్గరికి నడిచి వెళ్ళావు. అతనితో ఏమన్నావు?” అని రాశాడు. నేను స్కోరు పుస్తకం తీసి చూశాను, ఆ గీత అక్కడే ఉంది. ఆ క్యాంపుకు విమానంలో వెళ్ళాం, ఖర్చు మొదటిదానికి మూడింతలు. అక్కడ నలభై మంది పిల్లలు, వీపు మీద అంకెలున్నా అందరినీ పేర్లతోనే పిలిచారు. ఆ జట్టు క్యాచర్ మా వాడి పక్కన కూర్చుని భోంచేశాడు. ఇప్పుడు మా వాడు అక్కడే చదువుతున్నాడు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. మార్కులు చూసి ఫీజు తగ్గించారు.

మీ అబ్బాయి ఏ స్థానంలో ఆడతాడో రాయలేదు. క్యాచర్ అయితే, ఏ క్యాంపుకు పంపినా క్యాచర్ తొడుక్కునే మిట్ లోపల ఎడమ చేతికి వేసుకునే మెత్తటి గ్లవ్ ఒకటి కొనివ్వండి. కారులో ఐసు పెట్టె మాత్రం మరవకండి.