పాత వీధిలో కొత్త బిల్డింగ్ పాతదానిలాగే ఉండాలా?

పాత ఇళ్ల మధ్య ఖాళీ అయిన స్థలంలో కడుతున్నాం, ముందువైపు పాత శైలిలోనే చేయించాలా అని అడిగారు. అక్కర్లేదు. నేను ఆర్కిటెక్ట్‌ని. ఇలాంటి స్థలాల్లో రెండు ఇళ్లు చేశాను, మొదటిదాంట్లో సరిగ్గా మీరు అనుకుంటున్న పనే చేశాను. పక్కింటి ఆర్చీలు, స్తంభాలు, పూల నగిషీలు కొలిచి సిమెంటులో దింపాను. వాళ్లవి సున్నంతో చేత్తో చేసినవి, లోతుగా ఉండి ఎండ పడితే నీడ పట్టేవి. మావి అచ్చు పోసినవి, అంగుళం లోతు కూడా లేదు. పైగా పాత ఇంట్లో రెండంతస్తులుండే ఎత్తులో మేం మూడు ఇరికించాం. ఒక్క కిటికీ కూడా పక్కింటి వరుసతో కలవలేదు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండోసారి ప్లాన్ మొదలుపెట్టకముందే, రోడ్డుకు అవతల నిలబడి వీధిలో ప్రతి ఇంటినీ ఫోటో తీసి, వరుసగా అతికించి, పైన ట్రేసింగ్ పేపర్ పరిచాను. నగిషీలు వదిలేసి గీస్తే అసలు సంగతి బయటపడింది. గోడలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. చూరు ఎత్తు ఇంటికీ ఇంటికీ అడుగు తేడాతో సాగుతోంది. కిటికీలు వెడల్పుకు దాదాపు రెట్టింపు ఎత్తు. ఆ కొలతలు పట్టుకుని, ఒక్క నగిషీ లేకుండా ఉత్త ఇటుకతో కట్టాం. వరుసలో ఇమిడిపోయింది.

గొడవంతా కింది అంతస్తు దగ్గరే. గోడ పదడుగులు వెనక్కి జరిపి ముందు కార్లు పెట్టుకుంటామన్నారు యజమాని. నేను గట్టిగా పట్టుబట్టాను. నడిచేవాళ్లకు వీధంటే కంటి ఎత్తులో కనబడే తలుపులు, కిటికీలే. అక్కడ చీకటి పార్కింగ్ వస్తే పైన ఎంత అందంగా కట్టినా వీధి తెగిపోతుంది. చివరికి పక్కన సందు వదిలి కార్లు పెరట్లోకి పంపాం.

ఫ్రాన్స్‌లోని నీమ్‌లో రెండు వేల ఏళ్ల నాటి రోమన్ ఆలయానికి ఎదురుగా బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన కారే దార్ అనే ఆర్ట్ మ్యూజియం, లైబ్రరీని 1993లో తెరిచారు. అది గాజూ ఉక్కూ. కానీ తొమ్మిది అంతస్తుల్లో సగం నేల లోపలికి దించారు, చుట్టుపక్కల ఇళ్ల ఎత్తు మించకూడదని. ఇరుగుపొరుగు ఏమంటారోనన్న భయం కూడా మీ ప్రశ్నలో కనిపించింది. వియన్నాలో ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ డిజైన్ చేసిన 1911 నాటి కట్టడానికి పై అంతస్తుల్లో నగిషీ లేదని జనం మండిపడితే, కిటికీలకు పూలతొట్లు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడదే రక్షిత కట్టడం.

డిజైన్ ఖాయం చేసే ముందు మీ ఒక్క ఇంటి ఎలివేషన్ (ముందువైపు ఎలా కనబడుతుందో చూపే డ్రాయింగ్) చూసి సరేననకండి. అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు కలిపి ఒకే స్కేలులో గీసివ్వమని అడగండి.