జలుబూ దగ్గూ వదలని ఇంట్లో ముందు పొయ్యి సంగతి చూడండి

ఒడిశాలోని రాయగడలో ఉంటున్నామన్నారు. చలి మొదలైతే పిల్లలిద్దరికీ దగ్గు తగ్గదు, మిల్లులో నైట్ షిఫ్టు చేసే మీ వారికి నెలకోసారి జ్వరం, వంట కట్టెలపొయ్యి మీద, అత్తయ్యగారికి గుడాకు (పళ్ళకి రుద్దే పొగాకు ముద్ద) అలవాటు. ఇమ్యూనిటీ పెరగడానికి ఏ పొడి మంచిదని అడిగారు.

పొడి కొనకండమ్మా. ఆ డబ్బు గుడ్లకీ పప్పుకీ పెట్టండి. మీ ఇంట్లో ఒంటి శక్తిని రోజూ కొంచెం కొంచెం తినేస్తున్నవి ఉన్నాయి. అవి ఆగకపోతే ఏ పొడీ పనిచేయదు.

చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే, దానికి భయపడొద్దు. ఆ జలుబు గుండెల్లోకి దిగి వారాల తరబడి దగ్గుగా మిగలడం మాత్రం మామూలు కాదు. అక్కడే పొగ సంగతి వస్తుంది.

ఊపిరి గొట్టాల లోపలి పొర మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది. దుమ్మునీ క్రిముల్నీ కఫంతో కలిపి పైకి నెట్టేయడం దాని పని. కట్టెల పొగ ఆ నూగుని మొద్దుబారుస్తుంది. ఇంకా లోపల క్రిముల్ని మింగే కణాలు మసి మింగి మింగి నిండిపోతాయి. అసలు క్రిమి వచ్చేసరికి వాటికి సత్తా ఉండదు. పొగ ఇళ్ళలో పిల్లలకి నెమ్ము ఎక్కువ చేయడం ఇందుకే. చలికాలంలో తలుపులు మూసి, పిల్లల్ని పొయ్యి పక్కనే కూర్చోబెట్టి చలి కాగుతారు కాబట్టి అప్పుడే దగ్గు ముదురుతుంది.

గ్యాస్ ఉన్న ఇళ్ళలో కూడా చాలామంది టీకి మాత్రం గ్యాస్ వాడి, అన్నం, పప్పు కట్టెల మీద వండుతారు. దాన్ని తిరగేయండి. ఇంటి లోపల వండేదంతా గ్యాస్ మీద, స్నానాల నీళ్ళు మాత్రం వాకిట్లో కట్టెల మీద. పప్పు ముందే నానబెట్టి కుక్కర్‌లో పెడితే సిలిండరు ఎక్కువ రోజులొస్తుంది.

కట్టెలు తప్పవంటే, చీల్చినవి వాన తగలని చోట ఆరు నెలలైనా ఆరాలి. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే టంగుమనాలి. దబ్బుమంటే ఇంకా పచ్చివే. పచ్చికట్టె వేడంతా దానిలో నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మిగిలేది పొగ. పొయ్యి నిండా కూరకండి, గాలి ఆడాలి. పొగగొట్టం నాలుగు అంగుళాల వెడల్పుండి కప్పు కంటే రెండడుగులు పైకి వెళ్ళాలి. నెలకోసారి మసి దులపకపోతే పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు. చంటిబిడ్డని చంకనేసుకుని వంట చేయడం అసలు వద్దు.

దోమల కాయిల్ కూడా పొగే. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక పరిశోధన కొలిచి చెప్పింది. బదులుగా మందు దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపండి. అది సుమారు మూడేళ్ళు, ఇరవై ఉతుకులు పనిచేస్తుంది. చన్నీళ్ళలో మామూలు సబ్బుతో ఉతికి నీడనే ఆరేయాలి. ఎండలో వేస్తే మందు పోతుంది.

మీ వారికి ఈసారి జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్క రక్తంతో మలేరియా పరీక్ష చేయించండి. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాక్కుని మళ్ళీ మళ్ళీ లేస్తుంది. దానికి ఇచ్చే ప్రైమాక్విన్ 14 రోజుల కోర్సు. జ్వరం తగ్గిందని మూడో రోజే ఆపేస్తే తిరగబెడుతుంది, ప్రతిసారీ ఒంట్లో రక్తం తగ్గుతుంది. ఆ మాత్ర అందరికీ పడదు, కాబట్టి వైద్యుడు రాస్తేనే వాడాలి.

ఆయన నిద్ర సంగతి కూడా చిన్నది కాదు. 2015లో అమెరికాలో 164 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్ళకి, ఏడు గంటలు దాటి పడుకునేవాళ్ళకంటే జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా తేలింది. షిఫ్టు చివరి ఐదు గంటల్లో టీ మానాలి. ఇంటికొచ్చిన గంటలో కిటికీకి ముదురు దుప్పటి కట్టి పడుకోవాలి. ఆ ఏడు గంటలూ ఆయన్ని ఏ పనికీ లేపకండి.

తిండి విషయంలో నమ్మకంగా చెప్పగలిగింది పక్క రాష్ట్రం ఝార్ఖండ్‌లోనే తేలింది. క్షయ రోగుల ఇళ్ళలో మిగతావాళ్ళకి నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలో పప్పు, విటమిన్ మాత్రలు అదనంగా ఇస్తే, కొత్తగా క్షయ పట్టడం 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితం వచ్చింది. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములుంటాయి, పిడికెడు కందిపప్పులో 7 దాకా. పొద్దున చోడి (రాగి) అంబలి తాగడం మంచిదే, కానీ దానితోపాటు గుడ్డో, ఉలవలో, ఎండుచేపో ఉండాలి. భోజనం చేసిన గంట దాకా టీ వద్దు, ఇనుము ఒంటికి పట్టదు. పిల్లలకి ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించకండి. పెరట్లోకి కూడా చెప్పులతోనే వెళ్ళాలి.

గుడాకు పొగాకే. నోటి లోపలి పొరని పుండు చేస్తుంది. మానేటప్పుడు మొదటి మూడు రోజులే గట్టివి, ఆ రోజుల్లో అత్తయ్యగారికి లవంగమో సోంపో చేతికివ్వండి.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష, మీ వారికి షుగర్ పరీక్ష చేయించండి. అత్తయ్యగారు కీళ్ళనొప్పులకి చీటీ లేకుండా మాత్రలు తెచ్చుకుంటుంటే ఆ అట్ట డాక్టరుకి చూపించండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. నొప్పి తగ్గిస్తూనే రోగాలతో పోరాడే శక్తిని అణిచేస్తాయి. మూడు వారాలు మించి వాడినవాళ్ళు ఉన్నపళంగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, డాక్టరు చెప్పిన లెక్కన కొంచెం కొంచెంగా తగ్గించాలి.