ఓపెన్ యాక్సెస్ కోసం చార్టులు: మాకు ఏది పనిచేసింది, ఏది చేయలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తున్నారు, పరిశోధకులందరూ తమ పేపర్లను రిపాజిటరీలో (ఎవరైనా ఉచితంగా చదువుకునే సంస్థ ఆన్‌లైన్ నిల్వలో) పెట్టేలా ఒక విధానం తెమ్మని కమిటీని అడగబోతున్నారు, దానికి ఎలాంటి చార్టులు చేయాలి, ఏ టూల్ వాడాలి అన్నది సందేహం. ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి ఏమీ జరగలేదు, రెండోసారి విధానం వచ్చింది. రెండుసార్లూ వాడిన టూల్ ఒకటే, కాబట్టి టూల్ సంగతి చివర్లో చెబుతాను.

మొదటిసారి మేము 14 చార్టులతో డాష్‌బోర్డ్ చేశాం. సంవత్సరాల వారీగా, డిపార్ట్‌మెంట్ల వారీగా, ప్రచురణకర్తల వారీగా, దొరికిన డేటా అంతా అందులో పెట్టేశాం. కమిటీలో అందరూ బాగుందన్నారు, ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఓపెన్ యాక్సెస్ శాతం, అంటే డబ్బు కట్టకుండా ఎవరైనా చదవగలిగే పేపర్ల శాతం, చూసి ఒకాయన "పర్వాలేదే, బాగానే ఉంది కదా" అన్నారు, పక్కనే ఉన్న ఆవిడ "ఇంత తక్కువా" అన్నారు. ఒకే చార్టు చూసి ఇద్దరూ చెరో మాట అన్నారంటే లోపం మాదే. వాళ్లని ఏం చేయమంటున్నామో ఆ 14 చార్టుల్లో ఒక్కదానిలోనూ లేదు.

రెండోసారి కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక వాక్యం రాసుకున్నాం: "మన పేపర్లలో ఇప్పుడు డబ్బు కడితే తప్ప చదవలేనివి చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటిని ప్రచురణకర్తల సొంత నిబంధనల ప్రకారమే ఈ రోజే అందరికీ అందుబాటులో పెట్టొచ్చు, మనం పెట్టలేదు." అది నిజమో కాదో చూడటానికే డేటా తీశాం. నిజమే అని తేలాక చార్టు ఒక్కటే చేశాం: అడ్డంగా ఒక పొడవాటి బార్, నాలుగు భాగాలు. ఇప్పటికే తెరిచి ఉన్నవి, ఈ రోజే పెట్టగలిగినవి, ఎంబార్గో (ప్రచురణకర్త ఆగమన్న గడువు) తీరాక పెట్టగలిగినవి, పెట్టడానికి వీలులేనివి. రెండో భాగానికి మాత్రమే ముదురు రంగు, మిగతావన్నీ బూడిద రంగు షేడ్లు. కమిటీ చేతిలో ఉన్నది ఆ రెండో భాగమే, చూపు అక్కడికే వెళ్లాలి.

దీనికి డేటా ఎక్కడిదంటే, మా సంస్థ పేపర్ల జాబితా ఓపెన్‌అలెక్స్ అనే పరిశోధనా పత్రాల డేటాబేస్ నుంచి తీశాం. అది 2022లో మొదలైంది, ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. ఏ పేపరు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నది డీఓఐ (పేపరుకి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తే అన్‌పేవాల్ అనే సేవ చెబుతుంది. ఏ జర్నల్ ఏ వెర్షన్‌ను ఎన్ని నెలల తర్వాత పెట్టనిస్తుందో చెప్పే సైట్‌ని ఇంతకుముందు షెర్పా రోమియో అనేవాళ్లు, ఇప్పుడు దాని పేరు ఓపెన్ పాలసీ ఫైండర్, అందులో చూశాం. పేపరు పేపరుకీ చూడక్కర్లేదు, జర్నల్‌కి ఒకసారి చూస్తే చాలు కాబట్టి భయపడినంత పని ఉండదు. చాలా జర్నళ్లు పెట్టనిచ్చేది ప్రచురణకర్త అచ్చు వేసిన పీడీఎఫ్ కాదు, సమీక్ష అయ్యాక ఆమోదం పొందిన రాతప్రతి. ఆ ఫైలు పరిశోధకుడి దగ్గర ఇంకా ఉందా అన్నది వేరే తలనొప్పి, దాన్ని దాచకుండా చార్టు కింద ఒక వాక్యంలో రాయండి.

ఇక్కడ టైమ్ తినేది జాబితాను శుభ్రం చేయడమే. సంస్థ పేరు ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉంటుంది, అందుకే పేరుతో వెతక్కుండా ఆర్‌ఓఆర్ ఐడీతో (పరిశోధనా సంస్థకి ఉండే గుర్తింపు సంఖ్యతో) వెతకండి, అయినా కొన్ని తప్పిపోతాయి. డీఓఐ లేని పేపర్లు అన్‌పేవాల్‌కి అసలు కనిపించవు, మా దగ్గర చరిత్ర, భాషా విభాగాల వాళ్ల పని సగం అలాగే మాయమైంది, వాళ్లు అడిగేదాకా మేము గమనించలేదు. ఇంకో మాట, జాబితా తయారయ్యాక అందులోంచి యాదృచ్ఛికంగా ఓ 50 పేపర్లు తీసుకుని, యూనివర్సిటీ నెట్‌వర్క్ బయటి నుంచి, ఒక్కొక్కటీ మీ చేత్తో తెరిచి చూడండి. లోపలి నుంచి చూస్తే సబ్‌స్క్రిప్షన్ వల్ల అన్నీ తెరుచుకుంటాయి, మోసపోతారు. "ఈ లెక్క సరైనదని ఎలా నమ్మమంటారు" అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఆ 50 పేపర్ల కాగితం బల్ల మీద పెట్టగలిగితే చర్చ అక్కడితో ముందుకు కదులుతుంది.

"ఓపెన్" అంటే ఏమిటో ముందే తేల్చుకోండి. అన్‌పేవాల్ లెక్కలో గోల్డ్ (మొత్తం ఓపెన్‌గా ఉన్న జర్నల్‌లో వచ్చినవి), గ్రీన్ (రిపాజిటరీలో పెట్టినవి), హైబ్రిడ్ (సబ్‌స్క్రిప్షన్ జర్నల్‌లో విడిగా ఓపెన్ చేసినవి)తో పాటు బ్రాంజ్ అని ఒకటి ఉంటుంది, అంటే ప్రచురణకర్త సైట్‌లో ఉచితంగా చదవొచ్చు కానీ స్పష్టమైన లైసెన్స్ ఏమీ ఉండదు, రేపు మళ్లీ మూసేసినా అడిగేవాళ్లు లేరు. ఇది చిన్న విషయం కాదు. అన్‌పేవాల్ వాళ్లే పాల్గొన్న 2018 అధ్యయనంలో మొత్తం పరిశోధనా పత్రాల్లో కనీసం 28 శాతం తెరిచి ఉన్నాయని, 2015లో వచ్చినవాటిలో అయితే 45 శాతం అని తేలింది, ఆ తెరిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద వాటా బ్రాంజ్‌దే. ఓపెన్ యాక్సెస్ అంటే ఏమిటో చెప్పిన 2002 బుడాపెస్ట్ ప్రకటన ప్రకారం చూస్తే ఊరికే చదవడమే కాదు, కాపీ చేసుకునే, పంచుకునే, వాడుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి, ఆ లెక్కన బ్రాంజ్ రాదు. మేము బ్రాంజ్‌ను విడిగా చూపించాం, మీరు ఎలా చేసినా సరే, చార్టు మీదే రాసి ఉండాలి.

మా మొదటి ప్రయత్నంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన తప్పు లైన్ గ్రాఫ్‌లో జరిగింది. ఏళ్ల వారీగా ఓపెన్ యాక్సెస్ శాతం గీస్తే చివరి రెండేళ్లు గీత కిందికి దిగింది. ఒక ప్రొఫెసర్ వెంటనే పట్టుకున్నారు: "మీరు ప్రచారం మొదలుపెట్టాకే తగ్గిందే?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి చూస్తే కారణం ఎంబార్గో. కొత్త పేపర్లు ఆరు నెలలో ఏడాదో, కొన్ని విభాగాల్లో ఇంకా ఎక్కువ కాలమో మూసే ఉంటాయి, గడువు తీరాక గ్రీన్‌లోకి వస్తాయి, కాబట్టి ఏ సంవత్సరం గీసినా చివర్లో గీత వంగుతుంది, అది తగ్గుదల కానే కాదు. చివరి రెండేళ్లను చుక్కల గీతగా చూపించి పక్కనే కారణం రాయండి, లేదంటే అసలు వదిలేయండి. డేటా ఏ తేదీన తీశారో కూడా తప్పనిసరిగా రాయండి.

రంగుల దగ్గర అందరూ ఒకే ఉచ్చులో పడతారు. పేర్లు గ్రీన్, గోల్డ్ కాబట్టి ఆకుపచ్చ, పసుపు వాడేసి, మూసి ఉన్నవాటికి ఎరుపు పెడతారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించనివాళ్లు తక్కువేమీ కాదు, ఉత్తర యూరప్ మూలాలున్న పురుషుల్లో అయితే దాదాపు 12 మందిలో ఒకరు. పైగా ఎరుపు చూస్తే పరిశోధకుడికి తనను తప్పుపట్టినట్టు ఉంటుంది. నీలం, నారింజ జంట చాలావరకు అందరికీ తెలుస్తుంది, పేర్లను పక్కన పెట్టెలో కాకుండా బార్ మీదే రాస్తే ఇంకా మంచిది. గుండ్రంగా ముక్కలుగా కోసినట్టుండే పై (pie) చార్ట్ వద్దు. కోణాల కంటే ఒకే గీత మీద ఉన్న స్థానాలను మనిషి కన్ను బాగా పోల్చగలదని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు 1984లోనే ప్రయోగం చేసి చూపించారు. బార్ చార్ట్‌లో స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి, తేడా పెద్దదిగా కనపడాలని మధ్యలోంచి మొదలుపెడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఆ తర్వాత మీరు ఏది చెప్పినా నమ్మరు.

డిపార్ట్‌మెంట్లకు ర్యాంకులు ఇచ్చే చార్టు దయచేసి చేయకండి. మేము చేశాం. చివర్లో ఉన్న విభాగాధిపతి తర్వాత నెల రోజులు మాతో మాట్లాడలేదు, నిజానికి వాళ్ల జర్నళ్ల నిబంధనలే కఠినంగా ఉన్నాయి, ఆయన తప్పేం లేదు. తర్వాత ఒక్కో విభాగానికి దాని సొంత పేజీ విడిగా పంపాం, అందులో "ఈ పేపర్లు ఇప్పుడే పెట్టొచ్చు" అనే జాబితా కూడా ఇచ్చాం, ఆ జాబితానే చార్టు కంటే ఎక్కువ పనిచేసింది.

డబ్బు లెక్క చూపించాలని అనిపిస్తుంది, చూపించండి, కానీ విడదీసి. సబ్‌స్క్రిప్షన్ ఖర్చు వేరు, పేపరు ఓపెన్‌గా వేయించుకోవడానికి రచయిత తరఫున కట్టే ప్రచురణ రుసుము (ఏపీసీ) వేరు. నేచర్ జర్నల్ 2021 నుంచి అలా ఓపెన్ యాక్సెస్‌కి 9,500 యూరోలు అడగడం మొదలుపెట్టినప్పుడు చాలామంది ఓపెన్ యాక్సెస్ అంటేనే ఖరీదైన వ్యవహారం అనుకున్నారు, మీ కమిటీలోనూ అలా అనుకునేవాళ్లు ఉంటారు. రిపాజిటరీలో పెట్టడానికి రచయిత ఏపీసీ కట్టక్కర్లేదన్నది మీ చార్టులో మొదటి చూపులోనే తెలియాలి. సంస్థలు నిజంగా ఎంత కట్టాయో ఓపెన్‌ఏపీసీ ప్రాజెక్టులో దొరుకుతుంది. ఓపెన్ పేపర్లకు సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు) ఎక్కువ వస్తాయి అనే చార్టు మాత్రం నేను పెట్టను, ఎందుకంటే మంచి పేపర్లనే రచయితలు ముందుగా తెరిచి పెడుతున్నారా అనే ప్రశ్నకు ఒక బార్ చార్ట్ జవాబు చెప్పలేదు.

టూల్ అంటారా, స్ప్రెడ్‌షీట్ చాలు. జాబితా శుభ్రం చేయడానికి ఓపెన్‌రిఫైన్, చార్టుకి డేటారాపర్ లేదా రాగ్రాఫ్స్, ఆర్ ప్రోగ్రామింగ్ భాష వస్తే జీజీప్లాట్2. ఏది వాడినా చార్టుతో పాటు దాని వెనక ఉన్న సీఎస్‌వీ ఫైలు కూడా సీసీ బై లైసెన్స్‌తో (మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకునేలా) పెట్టండి, చార్టు ఏం చెబుతోందో రెండు వాక్యాల్లో రాతగా కూడా ఇవ్వండి, స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లు ఉంటారు. అందరికీ అందాలని అడిగే మనమే మన డేటాను పీడీఎఫ్‌లో బంధించి పంపితే ఎలా?

కమిటీ మీటింగ్ ఎప్పుడో మీరు రాయలేదు. మూడు వారాలు ఉంటే పైన చెప్పినదంతా అవుతుంది. వారమే ఉంటే అన్ని సంవత్సరాల పేపర్లూ వద్దు, నిరుడు కాక అటు ముందు ఒక్క సంవత్సరం పేపర్లు తీసుకుని ఆ నాలుగు భాగాల బార్ ఒక్కటి చేయండి. మీ పేపర్లు ఎక్కువగా ఏ జర్నళ్లలో వస్తాయో కింద కామెంట్‌లో రాస్తే వాటి నిబంధనలు ఎలా చదవాలో చెబుతాను, అవి మొదట్లో కాస్త గందరగోళంగా ఉంటాయి.