సంతకానికి ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వరుసలు కట్టిన ఎనిమిది అన్నమయ్య కీర్తనలను హైదరాబాదులో ఒక రికార్డింగు కంపెనీ వారు విడుదల చేస్తామన్నారని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మీ పెద్దమ్మ సంతోషంతో పాయసం చేసింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

సాధన మానకు, చల్లనివి ముట్టకు, చెప్పిన వేళకు అరగంట ముందే స్టూడియోలో ఉండు. మా తరంలో నిలదొక్కుకున్నవాళ్ళనూ కనుమరుగైనవాళ్ళనూ తలచుకుంటే గాత్రంలో తేడా తక్కువే. నాతో పాటు ఇక్కడి సంగీత కళాశాలలో చదివిన ఒకతను నాకన్నా గొప్పగా పాడేవాడు కాదు (ఈ మాట అతనూ ఒప్పుకుంటాడు), కానీ స్టూడియో అద్దె గంటల లెక్కన పడే ఆ రోజుల్లో స్వరలిపి శుభ్రంగా రాసుకొచ్చి, వాద్యకారులకు తలా ఒక ప్రతి ఇచ్చి, ఒక్క పూటలో నాలుగు పాటలు ముగించేవాడు. నేను పల్లవి దగ్గరే ఒకే పంక్తిని తీరు తీరుగా పాడి సంగతులు మారుస్తూ కూర్చునేవాణ్ణి. కంపెనీలు అతన్నే మళ్ళీ పిలిచాయి, న్యాయమే.

నా అసలు భయం వేరు. 1988లో మద్రాసులో ఒక క్యాసెట్ కంపెనీకి ఆరు కీర్తనలు పాడాను. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉంటాయే గాని స్వరం ఉండదు కదా, ఆ ఆరింటికీ వరుసలు నెలల తరబడి కూర్చుని కట్టినవాణ్ణి నేనే. రికార్డింగు అయ్యాక రాత్రి ఎనిమిదింటికి గుమాస్తా స్టాంపు కాగితాలు తెచ్చాడు, ఇంగ్లీషులో రెండు పేజీలు. తిరుపతి బస్సు తప్పిపోతుందని హార్మోనియం పెట్టె మీదే సంతకం చేసి, పదిహేను వందలు జేబులో పెట్టుకొని పరుగెత్తాను. వరుసలపై సర్వహక్కులూ శాశ్వతంగా వారివేనని అందులో ఉన్నట్టు తరువాత ఒక వకీలు చదివి చెప్పాడు. రెండేళ్ళకు అలిపిరి దగ్గర కొండ బస్సెక్కితే డ్రైవరు ఆ పాటే పెట్టాడు. వరుస నాది, గొంతు నాది కాదు. క్యాసెట్ అట్ట అడిగి చూశాను. స్వరకల్పన అన్నచోట ఇంకెవరి పేరో ఉంది. ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆ అట్ట చేతిలో పట్టుకొనే ఎక్కాను. మీ పెద్దమ్మకు ఈ సంగతి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

నీ కాలం కొంత మేలు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, హక్కులు కంపెనీకి రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటాను స్వరకర్త వదులుకోవడానికి వీలు లేదు. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. అయినా చట్టం తనంతట తాను నీ ఇంటికి డబ్బు తెచ్చివ్వదు గనుక, స్వరకర్తలకూ పాటల రచయితలకూ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకొని ప్రతి పాటనూ స్వరకర్తగా నీ పేరున నమోదు చేయించు. 1503లో స్వామిలో కలిసిన అన్నమయ్య పాటకు నీ హక్కేమిటని ఎవరో ఒకరు తప్పక అంటారు. సాహిత్యం అందరిదీ, వరుస నాది అని మర్యాదగా చెప్పు. దురాశ అనుకుంటారేమోనని జంకకు, పిచ్చితల్లీ. అయిదో ఏట నా శ్రుతిపెట్టె తిత్తి లాగుతూ దాని మీదే నిద్రపోయినదానివి నువ్వు.

ఒప్పందం చేతికి రాగానే, ఎవరెంత తొందరపెట్టినా, ముందు నాకు ఫోటో తీసి పంపు. కళ్ళద్దాలు కొత్తవి చేయించుకున్నాను, సన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి.

మీ పెదనాన్న