"నువ్వు" అంటే చిన్నచూపేనా?

సందేహం: మాది అమలాపురం. ఈమధ్యే హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు కాపురం పెట్టాం. పక్కింటి పెద్దావిడ మొదటి రోజే "ఏం బిడ్డా, తిన్నవా?" అంది. మా ఆయన్నీ "నువ్వు" అనే పలకరిస్తుంది. ఇంటి ఓనరు గారి కోసం అడిగితే "సారు పోయిండు" అంది, నాకు ఒకటే టెన్షన్! ఇక్కడి భాషలో గౌరవంగా మాట్లాడే పద్ధతి లేదా? నేను "అండి" అంటే పిల్లలు నవ్వుతున్నారు. మానేయాలా?

సమాధానం: పద్ధతి ఉందమ్మా, చోటు వేరు. మీ కోనసీమలో మర్యాద మాట చివర ఉంటుంది: అవునండి, వస్తానండి, ఆయ్. ఆవిడ దాన్ని పిలుపులోనే పెట్టేసింది. మిమ్మల్ని "బిడ్డా" అన్నాక మళ్ళీ "మీరు" అంటే ఆ పిలుపు ఉత్తుత్తిదైపోదూ? కన్నకూతుర్ని ఎవరు మీరంటారు!

అసలు "మీరు" బహువచనం. ఒక్క మనిషిని గౌరవించడానికి దాన్ని వాడటం తరవాత వచ్చిన అలవాటే. పాత కావ్యాల్లో రాజుని సైతం "నీవు" అనే సంబోధించారు. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇప్పటికీ మనందరిదీ అదే మాట. అలాగని తెలంగాణలో బహువచన మర్యాద లేదనుకోకండి. ఆ పెద్దావిడ ఇంటికి వియ్యాలవారు వచ్చిననాడు చెవి పెట్టండి, "రాండ్రి, కూసోండ్రి" అని వినిపిస్తుంది.

ఇక "పోయిండు". అక్కడ పోవడమంటే మామూలుగా వెళ్ళడమే. మీ వైపు ఆ పని "వెళ్ళు"కి అప్పగించి, మనిషి విషయంలో "పోయారు" అంటే చనిపోయారనే అర్థం చేసుకుంటారు. అయినా "రాకపోకలు" అన్నప్పుడు మీకు ఏ శంకా కలగదు కదా! గడప దాటేటప్పుడు మీరు "వెళ్ళొస్తాను" అంటారు, ఆవిడ "పోయొస్త" అంటుంది. తిరిగి రావాలన్న కోరిక రెండింట్లోనూ ఉంది.

మన పాఠ్యపుస్తకాల భాష ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట నుంచి రూపుకట్టింది. అందుకే మిగతా చోట్ల మాట వింటే తప్పేమో అనిపిస్తుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు, మీది అందులో ఒకటి. విజయనగరం వైపు "అప్ప" అంటే అక్క, అనంతపురంలో "ఏమప్పా" అని మగవాళ్ళని పిలుస్తారు. రెండూ నిఖార్సయిన తెలుగే.

"అండి" మానకండి. పిల్లలకి అది కొత్త, నాలుగు రోజులు వింటే అలవాటైపోతుంది. ఇక్కడి యాసని పనిగట్టుకుని అనుకరించడం మాత్రం వద్దు, సగం నేర్చిన యాస వెక్కిరింతలా వినిపిస్తుంది. పెద్దావిడని "అమ్మా, మీరు" అనే పలకరించండి. "మీరేంది బిడ్డా" అని ఆవిడే కసిరితే అప్పుడు నువ్వులోకి దిగొచ్చు.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు "ఇక్కడ అందరూ నువ్వనే అంటారు" అనుకుని, తమకంటే పెద్దవాడైన ఆటో అతన్నీ వాచ్‌మన్‌నీ ఉత్త "నువ్వు"తో పిలుస్తున్నారు. "అన్నా, ఉప్పల్ వస్తవా?" అనే మాటలో మన్నన మొత్తం "అన్నా"లోనే ఉంది. అది తీసేస్తే ఏ జిల్లా తెలుగులోనైనా మొరటే.