నాచు కడిగిన చెయ్యి

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా నాయకుడూ శాస్త్రవేత్తా అయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పూర్వీకుల మీద రాద్దామనుకోవడం బాగానే ఉంది. కానీ మొదటి రెండు పేజీల నిండా పేర్లే, ఒక్క పనిముట్టయినా లేదు. కమ్మరి వంశమన్నావు గానీ కొలిమి ఎక్కడా రాజుకోలేదు.

చేతివృత్తుల వాళ్ల కథలో దారి చూపేది పనే. ఇంగ్లండులోని ఎక్టన్ పల్లెలో వాళ్లకు 30 ఎకరాలు, దానికి తోడు కమ్మరం. కొలిమి పెద్దకొడుక్కి దక్కుతుంది. మరి చిన్నవాళ్లో? వేరే పని వెతుక్కోవాల్సిందే. ఈ ఒక్క ఆనవాయితీని పట్టుకో, బోస్టన్ దాకా దారి అదే దొరుకుతుంది. బెంజమిన్ ఐదు తరాలుగా కడగొట్టు కొడుకుల సంతానంలో కడగొట్టు కొడుకు. తండ్రి జోసయా తన అన్న దగ్గర అద్దకం నేర్చి 1683లో సముద్రం దాటాడు. బోస్టన్‌లో అద్దకానికి గిరాకీ లేక, పశువుల కొవ్వు కరిగించి కొవ్వొత్తులూ సబ్బులూ చేశాడు. పదేళ్ల బెంజమిన్ బడి మాని వత్తులు కత్తిరించాడు, అచ్చుల్లో కొవ్వు పోశాడు, విసిగిపోయాడు. వీడెక్కడ ఓడెక్కి పోతాడోనని తండ్రి వెంటబెట్టుకెళ్లి వడ్రంగుల్నీ తాపీవాళ్లనీ ఇత్తడి పనివాళ్లనీ చూపించాడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. తండ్రీ కొడుకులతో పాటు నువ్వూ ఆ కొట్ల ముందు నిలబడొద్దూ! చివరికి అన్న జేమ్స్ ప్రెస్సులో 21వ ఏడు వచ్చేదాకా పనిచేసేలా ఒప్పందం రాయించారు. అప్పటికి బెంజమిన్‌కి పన్నెండేళ్లు.

తేదీలు చూసుకో. పుట్టినరోజు ఒకచోట 1705 జనవరి 6, ఇంకోచోట 1706 జనవరి 17 అని రాశావు. రెండూ ఒకరోజే. 1752 క్యాలెండరు సంస్కరణ దాకా ఇంగ్లండులోనూ దాని అమెరికా వలసల్లోనూ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, పైగా పాత, కొత్త క్యాలెండర్లకు పదకొండు రోజుల తేడా. ఏదో ఒక లెక్కకు కట్టుబడు. నిన్ను అనడానికేముంది, నేను మా తాతగారి కాగితాల్లోని ఫసలీ లెక్క (పాత రెవెన్యూ సంవత్సరాల లెక్క) తప్పుగా మార్చి, ఆయన పెళ్లికి ముందే మా పెదనాన్నను పుట్టించాను. చుట్టాల ఇళ్లలో ఇప్పటికీ నవ్వుతారు.

ఇక అసలు సంగతి. 1758లో ఫ్రాంక్లిన్ కొడుకు విలియంతో ఎక్టన్ వెళ్లాడు. చర్చి రిజిస్టరులో 1555 నుంచే వివరాలున్నాయి. పాదిరిగారి భార్య, మాటకారి ముసలావిడ, శ్మశానంలోకి తీసుకెళ్లి వాళ్ల సమాధిరాళ్లు చూపించింది. నాచు కమ్మి అక్షరాలు కనబడలేదు. ఆవిడ గట్టి బ్రష్షు, గిన్నెడు నీళ్లు తెప్పించింది. పీటర్ రాళ్లు తోమాడు, విలియం అక్షరాలు రాసుకున్నాడు. ఫ్రాంక్లిన్ ఇదంతా భార్యకు ఉత్తరంలో రాశాడు.

నీ వ్యాసంలో రాళ్లున్నాయి, పీటర్ లేడు. అతను ఫ్రాంక్లిన్ బానిస. యజమాని తాతముత్తాతల పేర్లు బయటపడింది అతని చేతుల మీదుగా. అతని తాత ఎవరో ఏ రిజిస్టరులో వెతకాలి? కనీసం ఆ ప్రశ్నయినా అడుగు.

ఆ బ్రష్షు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పండక్కి వచ్చేటప్పుడు తీసుకురా, అరుగు మీద కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య