పట్టుబడి రోజుల్లో కడుపులో మెలి... పిప్పరమెంటు నూనె తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. కాళ్ల మండలంలో చెరువులు కౌలుకి తీసుకుని రొయ్యలు వేస్తాను. రెండేళ్ల క్రితం ఒక పెళ్లి భోజనం తర్వాత మూడు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి గానీ అప్పట్నుంచీ కడుపు కడుపులా లేదు. పొద్దున టీ తాగగానే బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి, వరసగా మూడు నాలుగుసార్లు దొడ్డికి పరుగు. వెళ్లొస్తే నొప్పి తగ్గుతుంది. పట్టుబడి రోజుల్లో, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజుల్లో మరీ ఎక్కువ. రెండుసార్లు ఎండోస్కోపీ, ఒకసారి స్కానింగ్ చేసి అంతా నార్మల్ అన్నారు. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నాను. పిప్పరమెంటు నూనె మంచిదని మా బావగారు చెబితే వేడినీళ్లలో నాలుగు చుక్కలు వేసుకుని తాగాను. గుండెల్లో మంట పుట్టింది. ఇది అల్సరా, క్యాన్సరా? ఆ నూనె వాడొచ్చా?
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ బావగారు చెప్పింది సగం నిజం. నూనె మంచిదే, కానీ అది చేరాల్సిన చోటికి చేరలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మీరు రాసినదాన్ని బట్టి ఇది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్‌లా ఉంది. దీన్ని గుర్తించడానికి డాక్టర్లు 2016 నాటి 'రోమ్' ప్రమాణాలు చూస్తారు. జబ్బు మొదలై ఆరు నెలలైనా అయ్యుండాలి. గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి రావాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం తీరు మారడం, ఈ మూడింట్లో రెండైనా కనిపించాలి. మీ కథ దీనికి దగ్గరగానే ఉంది.

రిపోర్టులు నార్మల్ అంటే పుండు, గడ్డ లాంటివి కనబడలేదని అర్థం. మీకు నొప్పి లేదని కాదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి ఒక పంట పోగొట్టుకున్న రైతు ఆ తర్వాత ఎలా పడుకుంటాడో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ చప్పుడు కాస్త మారినా చాలు, లేచి టార్చిలైటు పట్టుకుంటాడు. చెరువు బాగానే ఉంటుంది, అతని నిద్రే చెడుతుంది. మీ పేగుల నరాల పరిస్థితీ అంతే. ఆ పెళ్లి భోజనం నాటి ఇన్ఫెక్షన్ ఎప్పుడో పోయింది, నరాలు మాత్రం ఇంకా కాపలా కాస్తున్నాయి. అలాంటి ఇన్ఫెక్షన్ తర్వాత దాదాపు పదిమందిలో ఒకరికి ఐబీఎస్ మిగులుతుంది. పక్కవాళ్లకి తెలియనైనా తెలియని గాలి, పేగు కదలిక మీకు నొప్పిగా తెలుస్తాయి. మెదడుకీ పేగుకీ మధ్య కబుర్లు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత తేలుతుందో, రేటు ఎంత పలుకుతుందో అన్న గుబులు నేరుగా పొట్టలోకి దిగుతుంది. 'అంతా నీ మనసులోనే ఉంది' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇక నూనె. పిప్పరమెంటులో ఉండే మెంథాల్ పేగు గోడ కండరంలోకి కాల్షియం వెళ్లే దారిని అడ్డుకుంటుంది. దాంతో బిగిసిన కండరం వదులవుతుంది, మెలి తగ్గుతుంది. చిక్కేమిటంటే, అన్నవాహికకీ కడుపుకీ మధ్య ఉండే కవాటం కూడా కండరమే. నూనెను చుక్కలుగా తాగితే ముందు అదే వదులై ఆమ్లం పైకి తంతుంది. మీకు మంట పుట్టింది అందుకే. అందువల్ల దీన్ని కడుపులో కరగకుండా పేగులో కరిగేలా పైపూత వేసిన క్యాప్సూల్‌గానే వాడాలి. సాధారణంగా 0.2 మిల్లీలీటర్ల క్యాప్సూల్ ఒకటి చొప్పున రోజుకు మూడుసార్లు, భోజనానికి అరగంట నుంచి గంట ముందు. నమలకూడదు, విప్పి నీళ్లలో కలపకూడదు. యాంటాసిడ్ సిరప్‌తో కలిపి వేసుకుంటే ఆ పూత ముందే కరిగిపోతుంది. మీరు రోజూ వేసుకునే గ్యాస్ మాత్రతో కూడా ఆ ఇబ్బంది రావచ్చు. అసలు ఆ మాత్ర మీకు అవసరమా అన్నది మీ డాక్టర్‌ని అడగండి. పొట్ట కింది భాగంలో మెలిపెట్టే నొప్పికి అది మందు కాదు.

నాలుగు వారాలు వాడి చూడండి. గుణం కనబడకపోతే మానేయండి. దీని మీద అతిగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. 2021లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ దీన్ని ఐబీఎస్‌కి వాడొచ్చంది. అంతకు ముందు ఏడాది నెదర్లాండ్స్‌లో సుమారు 190 మంది మీద ఎనిమిది వారాలు చేసిన పరీక్షలో మాత్రం ప్రధాన లక్ష్యం విషయంలో ఉత్తుత్తి మందు కన్నా స్పష్టంగా మెరుగని తేలలేదు. నాకైతే, మెలిపెట్టే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకి ఒకసారి ప్రయత్నించదగ్గదే అనిపిస్తుంది. పుదీనా తేన్పులు, మలద్వారం దగ్గర కాస్త మంట రావచ్చు. గర్భిణులు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఛాతీమంట బాగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

పుదీనా పచ్చడి తింటే చాలదా అని చాలామంది అడుగుతారు. రుచికి తినండి. మన పెరటి పుదీనా సాధారణంగా వేరే జాతి, అందులో మెంథాల్ నామమాత్రం. చిన్నప్పుడు బడి దగ్గర కొనుక్కున్న పిప్పరమెంటు బిళ్లల్లో ఉన్నది పంచదార. పిప్పరమెంటు పువ్వు, వాముపువ్వు, కర్పూరం కలిపి చేసే అమృతధార ఇంట్లో ఉంటే పిల్లలకి అందకుండా పెట్టండి. కర్పూరం ఎక్కువ లోపలికి వెళితే ఫిట్స్ వస్తాయి.

తిండి దగ్గర మీరు చేసిన పొరపాటు ఒకటే, అన్నం మానేయడం. వరి అన్నం చిన్నపేగులోనే దాదాపు పూర్తిగా అరుగుతుంది, గ్యాస్ తక్కువ. గోధుమలో, ఉల్లి వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలు అరక్క పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడ పులిసి గాలి పుట్టిస్తాయి. రాత్రికి మళ్లీ అన్నమే పెట్టించుకోండి. పరగడుపు టీ మానేసి, రెండు వారాలు పాలు కూడా ఆపి చూడండి. తేడా తెలిస్తే పాలలోని చక్కెర మీకు పడటం లేదన్నమాట. పెరుగు చాలామందికి పడుతుంది. ఇసబ్‌గోల్ పొట్టు చెంచాడు నీళ్లలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, గోధుమ తవుడు జోలికి వెళ్లొద్దు. అమీబా ఉందేమోనని మందుల షాపులో అడిగి కోర్సుల మీద కోర్సులు మింగే అలవాటు మన వైపు చాలా ఎక్కువ. మీరు ఆ పని చేసుంటే ఇక ఆపండి.

క్యాన్సర్ భయం గురించి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా కొలనోస్కోపీ, అంటే మలద్వారం నుంచి గొట్టం వేసి పెద్దపేగుని చూసే పరీక్ష గురించి మాట్లాడుకోవాలి. మీరు రెండుసార్లు చేయించుకున్నది నోటి నుంచి వేసే గొట్టం, అది పెద్దపేగుని చూడదు. నిద్రలోంచి లేపే నొప్పి కూడా ప్రమాద సూచనే. అయితే మీరు రాత్రిళ్లు గట్టు మీద మేలుకునే ఉంటారు కాబట్టి ఈ ప్రశ్నకి జాగ్రత్తగా జవాబు చెప్పుకోండి: నొప్పి వల్ల మెలకువ వస్తోందా, మెలకువగా ఉన్నందువల్ల నొప్పి తెలుస్తోందా? ఈ లక్షణాలేవీ లేకపోతే రక్తంలో సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పేది), థైరాయిడ్, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉందేమో చెప్పేది) పరీక్షలు చాలు.

మేత, ఆక్సిజన్ రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలు రెండు వారాలు దీనికి వదలండి. ఏం తిన్నారు, ఎప్పుడు నొప్పి, ఎన్నిసార్లు వెళ్లారు, ఆ రోజు పట్టుబడి ఉందా లేదా. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి.